స్టేటర్–హౌసింగ్ పేటెంట్‌కి ఎఫ్ఈఆర్ వచ్చింది, డి1, డి2 కలిపి "ఇందులో కొత్తేముంది" అంటున్నారు: జవాబు ఎలా రాయాలి?

నమస్తే అండి. మీరు ఇచ్చిన వివరాలన్నీ జాగ్రత్తగా చదివాను. ఇది చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు విషయం క్లుప్తంగా చెప్తాను. మీది ఎలక్ట్రిక్ ఆటో కోసం చేసిన మోటారు. 12 స్లాట్లు (తీగ చుట్టే సందులు), 10 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు), స్టేటర్ కోర్ (మోటారులో తిరగకుండా నిలిచి ఉండే స్టీల్ భాగం) బయటి వ్యాసం 180 మి.మీ. కోర్ వెలుపల ఆరు రిబ్స్ (బయటికి పొడుచుకొచ్చిన గట్లు) ఉన్నాయి, అల్యూమినియం హౌసింగ్, అంటే మోటారు బయటి బాడీ, కోర్‌ని ఆ ఆరు చోట్ల మాత్రమే పట్టుకుంటుంది, రిబ్‌కీ రిబ్‌కీ మధ్య ఖాళీలోంచి ఆయిల్ పారుతుంది. చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్, అదే ఎఫ్ఈఆర్, వచ్చింది. ఎగ్జామినర్ డి1 అని ఒక పాత జపాన్ డాక్యుమెంట్ చూపించి రిబ్స్ ఇందులో ఉన్నాయన్నారు, డి2 అని ఇంకో పాత డాక్యుమెంట్ చూపించి హౌసింగ్‌లో కూలింగ్ మార్గాలు ఇందులో ఉన్నాయన్నారు, ఈ రెండూ కలపాలని మోటారు డిజైన్ తెలిసిన ఎవరికైనా తడుతుంది కాబట్టి ఇన్వెంటివ్ స్టెప్ లేదన్నారు. దానికి తోడు పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) అభ్యంతరం ఒకటి, క్లెయిముల్లో (దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాల్లో) స్పష్టత లేదని సెక్షన్ 10 కింద ఇంకొకటి. "మా మోటారు డి1 మోటారుకి పూర్తిగా వేరు, ఇలాంటిది మార్కెట్లో ఎవరూ అమ్మడం లేదు, ఇదే గట్టిగా రాస్తే చాలా?" అన్నది మీ ప్రశ్న.

చాలదండి. ఎగ్జామినర్ ముందు మీ మోటారు ఉండదు, మీ క్లెయిమ్ కాగితం ఉంటుంది. ఆయన ఆ కాగితాన్ని డి1తో, డి2తో పోల్చి చూస్తారు. మీ క్లెయిమ్ 1లో ఏముందో మీరే ఒకసారి చదవండి: స్టేటర్ కోర్, దాని బయటి అంచున రిబ్స్, ఆ రిబ్స్‌ని పట్టుకునే హౌసింగ్, మధ్యలో కూలింగ్ మార్గాలు. ఇంతే. ఇంత విశాలంగా రాసిన క్లెయిమ్ మీద ఎగ్జామినర్ చెప్పింది న్యాయమైన మాటే, నేనైనా అదే చెప్పేవాణ్ణి. మార్కెట్లో ఎవరూ అమ్మడం లేదన్నది పేటెంట్ పరీక్షలో పెద్దగా పనికొచ్చే మాట కాదు, ఎందుకంటే ఎక్కడో ఒక దేశంలో ఏనాడో అచ్చయిన ఒక్క డ్రాయింగు చాలు, అది ఎవరూ తయారు చేయకపోయినా సరే, మీ కొత్తదనాన్ని కొట్టేయడానికి. కాబట్టి ఆ దారి వదిలేయండి. మీ దగ్గర అంతకంటే చాలా మంచి సరుకు ఉంది, కాకపోతే దాన్ని క్లెయిమ్ 6లో ఒక మూల పడేశారు.

అదేంటో చెప్పే ముందు అసలు సమస్య దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే ఎఫ్ఈఆర్ జవాబులో కూడా మీరు ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాని ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తే బిగుసుకుపోతుంది కదా, మోటారు బాడీని వేడి చేసి కోర్ మీదికి దించడం కూడా అదే సూత్రం. తేడా ఏంటంటే ఇక్కడ పట్టా అల్యూమినియం, లోపలిది సిలికాన్ స్టీల్. అల్యూమినియం ఒక డిగ్రీకి మీటరుకు దాదాపు 23 మైక్రాన్లు పెరుగుతుంది, స్టీల్ 12 మైక్రాన్ల దాకా. అంటే తేడా 11. మీ 180 మి.మీ. వ్యాసానికి, గది ఉష్ణోగ్రత 20 నుంచి 140 డిగ్రీల దాకా లెక్కేస్తే, హౌసింగ్ కోర్‌ని వదిలేసి బయటికి పెరిగేది వ్యాసం మీద సుమారు 0.24 మి.మీ. నడుస్తున్నప్పుడు హౌసింగ్ కోర్ కంటే చల్లగా ఉంటుంది కాబట్టి నిజంగా ఇంత రాకపోవచ్చు, కానీ డిజైన్ చేసేవాళ్లు చెడ్డ పరిస్థితికే లెక్క వేసుకోవాలి. కాబట్టి వేడిలో కోర్ జారిపోకుండా ఉండాలంటే చల్లగా ఉన్నప్పుడే అంతకంటే ఎక్కువ ఇంటర్‌ఫియరెన్స్ (హౌసింగ్ లోపలి వ్యాసం కంటే కోర్ ఎంత పెద్దగా ఉందో ఆ తేడా) ఇచ్చి బిగించాలి. అలా బిగిస్తే, కోర్ అసలు లొంగదనుకుంటే, హౌసింగ్ గోడలో చుట్టూ లాగే ఒత్తిడి 90 మెగాపాస్కల్స్ దాటుతుంది. బయట మైనస్ 20 డిగ్రీలైతే ఇంకో 0.08 మి.మీ. బిగుసుకుని అది 120 దాటుతుంది. డై కాస్టింగ్ అల్యూమినియానికి ఇది తక్కువేం కాదు. మరోపక్క అంత గట్టిగా నొక్కితే స్టేటర్ యోక్ (కోర్ బయటి వలయం) కుంచించుకుపోయి, సిలికాన్ స్టీల్ మీద నొక్కుడు పడిన కొద్దీ ఐరన్ లాస్ (కోర్‌లో వేడిగా వృథా అయ్యే కరెంటు) పెరుగుతుంది. వదులైతే కోర్ తిరిగిపోతుంది, బిగుతైతే లాస్ పెరుగుతుంది, హౌసింగ్ పగులుతుంది. మోటారు తయారుచేసేవాళ్లందరికీ ఉన్న తలనొప్పి ఇది. డి1 రాసినవాళ్లు కూడా దీనికోసమే రిబ్స్ పెట్టారు, యోక్ చుట్టూ నొక్కే బదులు కొన్ని చోట్ల మాత్రమే నొక్కుదామని.

మరి మీరు చేసిందేంటి? మీ స్పెసిఫికేషన్ (అప్లికేషన్‌తో వేసిన పూర్తి వివరణ) నుంచి మీరు కాపీ చేసి పెట్టిన పేరాలో ఉంది: ప్రతి రిబ్ మొదట్లో, కోర్ పొడవునా ఒక సన్నటి చీలిక. కోర్ రేకులను కత్తిరించే స్టాంపింగ్ డైలోనే ఆ చీలిక కూడా పడుతుంది కాబట్టి అదనంగా పని లేదు. ఆ చీలిక వల్ల రిబ్ గట్టి దిమ్మలా ఉండకుండా కొద్దిగా వంగుతుంది, హౌసింగ్ చల్లబడి బిగిసినప్పుడు ఆ బిగుతును తను మింగేస్తుంది, వేడెక్కి హౌసింగ్ పెరిగినప్పుడు వెనక్కి లేచి పట్టు వదలకుండా ఉంటుంది. అంటే ఎక్కువ ఇంటర్‌ఫియరెన్స్ ఇచ్చినా యోక్ మీద నొక్కుడు తక్కువ. ఇది డి1లో లేదు, డి2లో లేదు. మీ ఆవిష్కరణ ఇదీ. మీ జవాబంతా ఈ చీలిక చుట్టూ తిరగాలి. రిబ్స్ గురించి, ఆయిల్ గురించి ఎంత రాసినా నేల విడిచి సాము చేసినట్టే.

ఆయిల్ సంగతి ఎందుకు పట్టుకుని చెప్తున్నానంటే, మీ డ్రాఫ్ట్ జవాబులో సగం దానికే ఖర్చు పెట్టారు, "ఆయిల్ నేరుగా కోర్ వీపును తాకుతుంది, అది మా ప్రత్యేకత" అని. స్టేటర్‌ని నేరుగా ఆయిల్‌తో చల్లబరచడం చాలా పాత విషయం. టెస్లా మోడల్ 3 మోటార్లోనే ఆయిల్ స్టేటర్‌లోంచి పారుతుంది. మీరు దాని మీద వాదన నిలబెడితే ఎగ్జామినర్ హియరింగ్ (ముఖాముఖి విచారణ) నోటీసులో డి3 అని ఇంకో పాత డాక్యుమెంట్ తెచ్చి పెడతారు, అప్పుడు మీ మాట మీద నమ్మకం కూడా తగ్గుతుంది. ఆయిల్ ఉండనివ్వండి, క్లెయిమ్‌లో ఒక భాగంగా, అంతే.

ఇప్పుడు డి1ని పట్టుకుని కూర్చోండి. మెషీన్ ట్రాన్స్‌లేషన్ మాత్రమే చదివి వదిలేయకండి, బొమ్మలు చూడండి, పెద్దవి చేసి చూడండి. మీరు పంపిన బొమ్మలో కోర్ బయటి అంచున రిబ్స్‌తో పాటు అక్కడక్కడా చిన్న గాళ్లు కనిపిస్తున్నాయి. ఎగ్జామినర్ ఇప్పుడు వాటి ఊసెత్తలేదు గానీ, మీరు చీలికను క్లెయిమ్ 1లోకి తేగానే ఆయన వేలు నేరుగా ఆ గాళ్ల మీద పెడతారు, "ఇదిగో చీలిక డి1లోనే ఉంది" అని. ఇది ముందే ఊహించి జవాబులోనే తేల్చేయాలి. అవి చాలావరకు స్టాంపింగ్స్‌ని, అంటే కోర్ రేకులను, కలిపి వెల్డ్ చేయడానికి పెట్టే గాళ్లు. కోర్ పేర్చాక పైనుంచి కిందికి ఒక వెల్డింగ్ గీత వేస్తారు, ఆ వెల్డ్ పూస బయటికి పొడుచుకు రాకుండా గాడిలో కూర్చుంటుంది. మీరు చూడాల్సినవి మూడే విషయాలు. ఆ గాడి రిబ్ మొదట్లో ఉందా, లేక రెండు రిబ్స్ మధ్య యోక్ మీద ఉందా. దాన్ని వెల్డ్‌తో నింపుతున్నారా, తెరిచి వదిలేస్తున్నారా. దాని గురించి టెక్స్ట్‌లో ఏ పని చెప్పారు. యోక్ మీద ఉండి, వెల్డ్‌తో నిండి ఉంటే అది వంగడానికి ఏ రకంగానూ పనికిరాదు, పైగా అక్కడ కోర్ ఇంకా గట్టిపడుతుంది. డి1 పేరా నంబరు, బొమ్మ నంబరు, గుర్తు నంబరు రాసి ఇదంతా చెప్పండి. "డి1 మా చీలికను చూపించడం లేదు" అని ఒక్క ముక్కలో రాస్తే ఎవరూ ఒప్పుకోరు, వేలు పెట్టి చూపిస్తే ఒప్పుకుంటారు.

డి1, డి2 కలపడం గురించి. ఎగ్జామినర్లు రెండు డాక్యుమెంట్లు పక్కపక్కన పెట్టి "కలిపితే వస్తుంది" అనడం మామూలే. అక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: డి2 చేతిలో ఉన్న ఇంజనీరుకి డి1 వైపు వెళ్లాలని ఎందుకు అనిపిస్తుంది? డి2 ఉద్దేశం వేడి తీయడం, అందుకే కోర్ చుట్టూ హౌసింగ్ పూర్తిగా ఆనుకుని ఉండాలని, ఆ ఆనిక ఎంత బాగుంటే వేడి అంత బాగా దిగుతుందని అందులో రాశారు, మీరే ఆ పేరా పంపారు. డి1 చేసేది సరిగ్గా దీనికి ఎదురు, ఆనికను ఆరు చోట్లకి తగ్గించేస్తుంది. వేడి తీయడమే పనిగా పెట్టుకున్నవాడు ఆనిక తగ్గించే డి1ని ఎందుకు తీసుకుంటాడు? ఇది మంచి వాదన, దీన్ని రాయండి. కానీ ఇది రెండో వాదనగానే ఉండాలి. మొదటిది ఏంటంటే, ఒకవేళ కలిపినా సరే, వచ్చేది గట్టి రిబ్స్, మధ్యలో కూలింగ్ మార్గాలు ఉన్న మోటారే, చీలిక రాదు, వంగే రిబ్ రాదు. కలపకూడదు అని వాదించే దానికంటే కలిపినా రాదు అని చూపించడం ఎప్పుడూ బలంగా ఉంటుంది. హియరింగ్‌లో కంట్రోలర్ (పేటెంట్ ఇవ్వాలో వద్దో తేల్చే అధికారి) దగ్గర కూడా ఇదే నిలబడుతుంది.

మన చట్టంలో ఇన్వెంటివ్ స్టెప్ నిర్వచనం సెక్షన్ 2(1)(జెఏ)లో ఉంది. ఇప్పటిదాకా తెలిసినదానితో పోలిస్తే సాంకేతికంగా ముందడుగు గానీ ఆర్థికంగా ప్రాముఖ్యత గానీ, లేదా రెండూ ఉండాలి, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు. చాలామంది ఆర్థిక ప్రాముఖ్యత అనగానే అమ్మకాల లెక్కలు రాస్తారు. మీకు అంతకంటే సూటైన మాట ఉంది: చీలిక అదే డైలో, అదే స్ట్రోకులో పడుతుంది, అదనపు భాగం లేదు, అదనపు మెషినింగ్ లేదు. ఇతరులు ఇదే సమస్యకి మధ్యలో స్టీల్ స్లీవ్ వేయడమో, బోల్టులు, పిన్నులు పెట్టడమో చేస్తారు, వాటన్నిటికీ ఖర్చుంది. ఈ వాక్యం తప్పకుండా రాయండి, కానీ అది స్పెసిఫికేషన్‌లో ఎక్కడుందో పేజీ నంబరుతో సహా.

ఇక సెక్షన్ 3(ఎఫ్). తెలిసిన పరికరాలను ఊరికే ఒకచోట అమర్చడం, ఒక్కొక్కటి దాని పని అది విడిగా తనకు తెలిసిన పద్ధతిలోనే చేసుకుంటూ ఉంటే, అది ఆవిష్కరణ కాదు అంటుంది ఆ సెక్షన్. మెకానికల్ అప్లికేషన్లలో ఇది తరచూ వస్తుంది, కంగారు పడకండి. ఇక్కడ మన దేశపు పాత తీర్పు ఒకటి తెలుసుకుంటే జవాబు ఎలా ఉండాలో అర్థమవుతుంది: బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్, సుప్రీంకోర్టు, 1978. లేత్ మీద ఇత్తడి పాత్రలను తిప్పి నున్నగా చేసేటప్పుడు వాటిని పట్టి ఉంచే సాధనం మీద తీసుకున్న పేటెంటు అది. కోర్టు దాన్ని చూసి, టెయిల్ స్టాక్ (లేత్‌లో వస్తువు రెండో కొసను ఆనించి పట్టే భాగం) ఎప్పటినుంచో తెలిసిందే, దానికి ఒక లీవరు, ప్రెషర్ స్పిండిల్ తగిలించడం వర్క్‌షాపులో ఎవరైనా చేసే మెరుగుదలే అని పేటెంటు చెల్లదంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, తెలిసిన భాగాలే అయినా అవి ఒకదానితో ఒకటి కలిసి పనిచేసి కొత్త ఫలితమో మెరుగైన ఫలితమో ఇస్తే దానికి పేటెంటు రావచ్చని. చాలామంది ఈ తీర్పంటే భయపడతారు, నేనైతే మీలాంటి కేసులో దాన్ని నేనే ముందు పెడతాను. ఎందుకంటే మీ చీలిక ఒక్కటే ఉంటే ఏ పనీ చేయదు, హౌసింగ్ ఒక్కటే ఉంటే కోర్‌ని పిండేస్తుంది, హౌసింగ్ ఇచ్చే బిగుతు వల్లే రిబ్ వంగుతుంది, రిబ్ వంగడం వల్లే హౌసింగ్‌లో ఒత్తిడి తగ్గుతుంది. ఒకదాని పని ఇంకోదాని మీద ఆధారపడి ఉంది. ఇదే విడివిడిగా పనిచేయకపోవడం అంటే. నాలుగు వాక్యాల్లో ఇది రాయండి, 3(ఎఫ్)కి పేజీలు అక్కర్లేదు.

ఇప్పుడు క్లెయిమ్ సవరణ. ఇక్కడే చాలామంది అసలుకే ఎసరు తెచ్చుకుంటారు. సెక్షన్ 59 ప్రకారం మీరు మొదట వేసిన స్పెసిఫికేషన్‌లో లేని విషయం చేర్చకూడదు, కొత్త క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధి లోపలే పూర్తిగా ఉండాలి. అంటే కుదించుకోవచ్చు, పెంచుకోకూడదు. మీ క్లెయిమ్ 6 క్లెయిమ్ 1 మీదే ఆధారపడి ఉంది కాబట్టి 6లోని చీలికను 1లోకి తేవడం సెక్షన్ 59కి ఏ ఇబ్బందీ లేని సవరణ. నేనైతే కొత్త క్లెయిమ్ 1లో చివరి భాగాన్ని, ఇంగ్లీషులో మీ ఏజెంట్ రాసేది ఎలాగూ రాస్తారు గానీ, భావం ఇలా ఉండేలా చూస్తాను: "ప్రతి రిబ్ (12) మొదట్లో, కోర్ (10) పొడవునా, రిబ్‌ని యోక్ నుంచి కొంతమేర విడదీస్తూ తెరిచి ఉన్న చీలిక (14) ఉంటుంది, హౌసింగ్ (20) ఇంటర్‌ఫియరెన్స్‌తో రిబ్స్ మీద కూర్చున్నప్పుడు ప్రతి రిబ్ ఆ చీలిక వైపు సాగే గుణంతో వంగి, హౌసింగ్ వేడికి పెరిగినప్పుడు తిరిగి లేచి దాన్ని ఆనుకునే ఉంటుంది." ఇందులో "తెరిచి ఉన్న" అన్న మాట కావాలనే వాడాను. మీ డ్రాఫ్ట్‌లో "ఖాళీగా ఉన్న" అని పెట్టారు. రేపు ఎవరైనా మీ డిజైన్ కాపీ కొట్టి, "మా చీలికలోకి ఆయిల్ వెళ్తుంది, కాబట్టి ఖాళీ కాదు" అని వాదిస్తారు. మీ స్పెసిఫికేషన్‌లో చీలిక తెరిచి ఉంటుందని, ఆయిల్ అందులోకి వెళ్లవచ్చని రాసి ఉంది కాబట్టి ఆ మాటే వాడుకోండి. వెల్డ్ గాడికీ దీనికీ తేడా కూడా అదే మాట చెప్తుంది.

రిబ్స్ పళ్ల (స్లాట్ల మధ్య నిలిచే కోర్ భాగాల) వెనక కాకుండా స్లాట్ల వెనక ఉండాలన్న మీ క్లెయిమ్ 4ని కూడా ఇప్పుడే 1లోకి తెచ్చేయాలా అని అడిగారు. వద్దు. 12 స్లాట్లు, 10 పోల్స్ మోటార్లో రేడియల్ ఫోర్స్ (వ్యాసార్ధం దిశలో పనిచేసే అయస్కాంత బలం) స్టేటర్‌ని కోడిగుడ్డు ఆకారంలోకి లాగుతుంది, అది పళ్ల ద్వారా యోక్‌లోకి, అక్కడినుంచి హౌసింగ్‌లోకి వెళ్తుంది, రిబ్స్‌ని పంటికి సూటిగా వెనక పెట్టకపోతే ఆ అదురు హౌసింగ్‌కి కాస్త తక్కువగా చేరుతుందన్న మీ ఆలోచన బాగుంది, డి1లో రిబ్స్ పళ్ల వెనకే ఉన్నాయి కాబట్టి తేడా కూడా ఉంది. కానీ రెండూ ఇప్పుడే కలిపేస్తే, చీలిక పెట్టి రిబ్‌ని కొద్దిగా పక్కకి జరిపిన ఎవడైనా మీ పేటెంటు నుంచి తప్పించుకుంటాడు. దాన్ని క్లెయిమ్ 1 మీద ఆధారపడే కింది క్లెయిమ్‌గానే ఉంచి, హియరింగ్‌లో కంట్రోలర్ ఇంకా ఒప్పుకోకపోతే అప్పుడు తీయండి. రెండూ కలిసి మీ మూడో బొమ్మలో కనిపిస్తున్నాయి కాబట్టి అప్పుడు కలపడానికీ ఆధారం ఉంది.

ఇక మీరు చివర్లో రాసిన విషయం, అప్లికేషన్ వేశాక టెస్టుల్లో రిబ్స్ మధ్య కోణాలు సమానంగా లేకుండా పెడితే శబ్దం ఇంకా తగ్గిందని, దాన్ని కూడా ఈ క్లెయిముల్లో ఇరికిద్దామని. దయచేసి ఆ పని చేయొద్దు. స్పెసిఫికేషన్‌లో అది ఎక్కడా లేదు, అన్ని బొమ్మల్లోనూ రిబ్స్ సమాన దూరాల్లోనే ఉన్నాయి. ఇరికిస్తే సెక్షన్ 59 కింద ఆ సవరణను తిరస్కరిస్తారు, ఒకవేళ ఎవరి కంటా పడకుండా గ్రాంట్ అయినా రేపు పేటెంటు రద్దు చేయించడానికి ఎదుటివాడికి ఆయుధం మీరే ఇచ్చినట్టు. దానికి వేరే దారి ఉంది, సెక్షన్ 54 కింద పేటెంట్ ఆఫ్ అడిషన్. మీ మొదటి ఆవిష్కరణకు మెరుగుదల కాబట్టి దానికి సరిపోతుంది. దానికి విడిగా రెన్యువల్ ఫీజులు ఉండవు, మొదటి పేటెంటుతో పాటే ముగుస్తుంది. మీ మొదటి ఆవిష్కరణతో పోల్చి ఇన్వెంటివ్ స్టెప్ లేదని దాన్ని కొట్టేయడానికి సెక్షన్ 56 ఒప్పుకోదు, కొత్తదనం మాత్రం ఉండాలి, మీకు ఉంది. ఈ ఫలితం గురించి ఏ కాన్ఫరెన్సులోనూ, ఏ బ్రోషర్లోనూ బయటపెట్టక ముందే ఫైల్ చేయండి.

టెస్టు డేటా జవాబుతో పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, పెట్టాలి కూడా, స్పెసిఫికేషన్‌లో మీరు ముందే చెప్పిన ఫలితాన్ని బలపరిచేదైతే. కొత్త ఫలితం కనిపెట్టి పెట్టకండి. మీరు యోక్‌లో లాస్ తగ్గుతుందని ముందే రాశారు కాబట్టి దాన్నే చూపించండి, అదీ డి1తో పోలుస్తూ. రెండు కోర్లు తీసుకోండి, ఒకే స్టీలు, ఒకే మందం స్టాంపింగ్స్, ఒకే ఎత్తు, ఒకటి చీలికతో, ఒకటి డి1లో లాగా గట్టి రిబ్‌తో. యోక్ చుట్టూ వైరు చుట్టండి, ఒక చుట్టు స్లాట్ లోంచి పోయి బయట రిబ్స్ మధ్య ఖాళీలోంచి తిరిగి వచ్చేలా. మీ డిజైన్లో ఆ ఖాళీ ఉండటం ఇక్కడ కలిసొచ్చింది, హౌసింగ్‌లో దించాక కూడా వైరు అలాగే ఉంటుంది, తీయక్కర్లేదు. హౌసింగ్‌లో దించకముందు ఒకసారి, దించాక ఒకసారి, అదే ఫ్లక్స్, అదే ఫ్రీక్వెన్సీలో వాట్లు కొలవండి. 4,800 ఆర్‌పీఎం దగ్గర మీ మోటారు ఫ్రీక్వెన్సీ 400 హెర్ట్జ్ కాబట్టి అక్కడా కొలవండి, 50 దగ్గరా కొలవండి. గట్టి రిబ్ కోర్‌లో దించాక లాస్ ఎంత పెరిగింది, మీ కోర్‌లో ఎంత పెరిగింది, అంతే, ఒక చిన్న టేబుల్. ఇంటర్‌ఫియరెన్స్ రెండిటికీ ఒకటే అని, ఎలా కొలిచారో కూడా రాసి, కొలిచిన ఇంజనీరు చేత అఫిడవిట్ ఇప్పించండి. రంగురంగుల సిమ్యులేషన్ బొమ్మలు పది పెట్టేకంటే ఇలాంటి ఒక్క టేబుల్ ఎక్కువ పని చేస్తుంది. ఇలాంటి కేసుల్లో హియరింగ్‌లో నేను చూసింది ఇదే, కంట్రోలర్లు కూడా ఇంజనీర్లే, కొలిచిన అంకెను గౌరవిస్తారు.

స్పష్టత అభ్యంతరాలు పెద్దవి కావు. "తగిన విధంగా", "గణనీయంగా", "సరైన మందం" లాంటి మాటలు తీసేయండి, క్లెయిముల్లో ప్రతి భాగానికి బొమ్మలోని నంబరు పెట్టండి, క్లెయిమ్ 3లో మందం అన్నారు గానీ దేని మందమో చెప్పలేదు, చెప్పండి. "అదురు తగ్గేలా" అని ఫలితం మాత్రమే రాసిన క్లెయిమ్ 8ని తీసేస్తే నష్టం లేదు.

ఎక్స్‌పో స్టాల్ గురించి మీరు మామూలుగా చెప్పి వదిలేశారు గానీ అది తేల్చుకోవాల్సిన విషయం. అప్లికేషన్ తేదీ కంటే ముందు స్టాల్ పెట్టి ఉంటే, మన చట్టంలో అందరికీ వర్తించే గ్రేస్ పీరియడ్ అంటూ లేదు. సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల వెసులుబాటు, ఎగ్జిబిషన్ల విషయంలో, కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన వాటికే. అయితే మూసి ఉన్న మోటారును బల్ల మీద పెడితే లోపలి చీలిక ఎవరికీ కనిపించదు, అది బయటపెట్టినట్టు కాదు. సగం కోసిన మోడల్ గానీ, లోపలి బొమ్మ ఉన్న బ్రోషరు గానీ పెట్టారా అన్నది చూసుకోండి. మీ దగ్గర ఆ రోజు ఫొటోలు ఉంటే దాచండి.

హౌసింగ్‌కి డిజైన్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే పోదా అని ఎవరో చెప్పారన్నారు. అది బయటి రూపానికి, 2000 నాటి డిజైన్స్ చట్టం కింద, మొదట 10 ఏళ్లు, తర్వాత ఇంకో 5. బయటి ఫిన్స్ ఆకారం ప్రత్యేకంగా ఉంటే విడిగా తీసుకోండి, మంచిదే. లోపల రిబ్ ఎలా వంగుతుందో అది కాపాడదు.

జవాబు రాసే ముందు మీరే ఒక పూట కూర్చుని వెతకండి. పేటెంట్ల వర్గీకరణ కోడ్‌లలో, కోర్‌ని బాడీకి బిగించే పద్ధతులన్నీ హెచ్02కె 1/18 కింద, బాడీలో కూలింగ్ మార్గాలు హెచ్02కె 5/20 కింద, బాడీలో శబ్దం, అదురు తగ్గించేవి హెచ్02కె 5/24 కింద ఉంటాయి. ఎగ్జామినర్‌కి కనిపించనిది మీ పోటీదారుకి కనిపించొచ్చు, అప్లికేషన్ పబ్లిష్ అయ్యాక గ్రాంట్ అయ్యేలోపు ఎవరైనా సెక్షన్ 25(1) కింద వ్యతిరేకించొచ్చు. రిబ్ మొదట్లో చీలిక ఉన్న పాత డాక్యుమెంట్ ఏదైనా ఉంటే అది ఇప్పుడే మీ చేతికి దొరకడం మంచిది, క్లెయిమ్ మాటలు దానికి తగ్గట్టు ఇప్పుడే సరిచేసుకోవచ్చు.

తేదీల విషయంలో మాత్రం ఏమరుపాటు వద్దు. ఎఫ్ఈఆర్ జారీ అయిన తేదీ నుంచి 6 నెలలు, ఆ 6 నెలలు అయిపోకముందే గడువు పెంచమని ఫారం 4 వేస్తే ఇంకో 3 నెలల దాకా వస్తాయి. దాటితే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క. మీరు బయటి దేశాల్లో కూడా వేశామన్నారు కాబట్టి ఆ అప్లికేషన్ల వివరాలు చెప్పే తాజా ఫారం 3 ఎఫ్ఈఆర్ తేదీ నుంచి 3 నెలల్లోపే వెళ్లాలి, 2024 రూల్స్ మారాక వచ్చింది ఇది, జవాబుతో పాటు వేద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది. హియరింగ్ వస్తే వీడియోలోనే జరుగుతుంది, మీ డిజైన్ ఇంజనీరుని పక్కన కూర్చోబెట్టుకోండి, అయ్యాక 15 రోజుల్లో రాతపూర్వక వాదన, సవరించిన క్లెయిములు ఇవ్వాలి. ఇప్పుడు మీరు ముందుగా చేయాల్సింది డి1లోని ఆ గాళ్ల గురించి జపనీస్ టెక్స్ట్‌లో ఏం రాశారో తెలిసినవాళ్ల చేత చదివించడం. మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో ఆ పేరా తికమకగా ఉంది. అది వెల్డ్ గాడి అని తేలితే పైన చెప్పినట్టు రాసేయండి. అలా కాకపోతే ఆ పేరా ఇక్కడ పెట్టండి, క్లెయిమ్ మాటలు మళ్లీ చూద్దాం.